పత్తి గింజ, చింత గింజ

మొన్న పొద్దున పలహారం దగ్గర కాఫీ గ్లాసు తీసి గోడకేసి కొట్టాను. కొట్టాను అంటే, బల్ల మీద గట్టిగా పెట్టాను. కాస్త ఒలికింది. కోపం మాత్రం గోడకేసి కొట్టినంత కోపమే. అందులో అబద్ధం లేదు.

కారణం మా మనవరాలి ఫారం. పదో తరగతి అయిపోయింది. పదకొండులో ఏ గ్రూపు కావాలో రాసి తెమ్మని పళ్ళికూడంలో కాగితం ఇచ్చారు. పిల్లకు చరిత్ర ఉన్న గ్రూపు కావాలి. మా అబ్బాయికి అది లెక్కలున్న ఫస్ట్ గ్రూపులో చేరాలని పట్టు. మూడు రోజులుగా తండ్రీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు. కాగితం ఫ్రిజ్ మీద ఉప్పు డబ్బా కింద పడి ఉంది. ఆ పొద్దున మావాడు ఇడ్లీ తుంచుతూ మొదలుపెట్టాడు.

"కణక్కు మన ఇంటి నెత్తురులోనే ఉండాది పాపా. కావాలంటే మీ తాతనడుగు. మూడో ఫారంలో నూటికి నూరు. కణక్కు వాద్యారు బుజానికెత్తుకుని పళ్ళికూడం చుట్టూ తిప్పినాడు. ఆయన మనవరాలివి, నీకెందుకు రాదు?"

మా తమిళ సీమ తెలుగులో కణక్కు అంటే లెక్కలు, వాద్యారు అంటే మాస్టరు. పిల్ల తండ్రి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఇంత తగువెందుకు? చీటీ వేసేద్దాం. తాత ఒకటి తీస్తారు. ఏది వస్తే అదే చదువుతాను, సరేనా?"

గ్లాసు పని అప్పుడు జరిగింది. ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కోడలు బల్ల తుడుస్తూ, "మామా, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.

బీపీ కాదు. ఆ నూరు నాది కాదు. చీటీ అనే మాట నా చెవిన పడి అరవై ఏళ్ళు దాటింది.

మా కాలంలో ఎనిమిదో తరగతిని మూడో ఫారం అనేవారు. అది గట్టెక్కాక దారి రెండుగా చీలేది. పళ్ళికూడంలో ఒక పసుపు కాగితం చేతికిచ్చేవారు. అందులో ఒక పక్క కాంపోజిట్ మాథమెటిక్స్ అని ఉండేది. కాలేజీకి, ఇంజనీరు చదువుకు అది దారి. ఇంకో పక్క జెనరల్ మాథమెటిక్స్, దానితోపాటు వ్యవసాయం కోర్సు. పళ్ళికూడం వెనక మళ్ళు కట్టి వంగ మొక్కలు పెంచడం, ఎరువుల పేర్లు వల్లె వేయడం. అటు పోయినవాడు కాలేజీ మెట్టు ఎక్కడం కష్టమని ఊళ్ళో గట్టి నమ్మకం. పదమూడేళ్ళ పిల్లవాడి బతుకు అటా ఇటా అన్నది ఒక్క టిక్కు గుర్తుతో తేలిపోయేది. కింద సంతకం కూడా ఆ పిల్లవాడిది కాదు, ఇంటి పెద్దది. ఆ కాగితం ఎవడు కనిపెట్టాడో నాకు తెలియదు. వాణ్ణి తీసుకొచ్చి నా ముందు నిలబెడితే, ఈ వయసులో కూడా రెండు మాటలు అడుగుతాను.

మా ఇంట్లో ఆ ఏడు ఇద్దరికి పసుపు కాగితం వచ్చింది. నాకు, మా పెద్దనాయన కొడుక్కి. వాడు నాకంటే మూడు నెలలే పెద్ద. ఆ మూడు నెలల కోసం వాణ్ణి అన్నా అని పిలవాలి. ఒకే పళ్ళెంలో తిన్నాం, ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అంతవరకే పోలిక.

వాడి తల ఎలా పనిచేసేదో చెబుతాను. జిన్నింగు మిల్లు ముందు పత్తి బండ్లు వరసగా ఆగి ఉండేవి. దూది నుసి గాలిలో తేలుతూ ముక్కులోకి పోయేది. మేము తేగలు నములుతూ అటు నడిచేవాళ్ళం. బండ్లు ఒక్కసారి చూసి, ఇన్ని బండ్లు, ఇన్ని చక్రాలు, చక్రాలన్నిటికీ కలిపి ఇన్ని ఆకు కర్రలు అని అన్న చెప్పేవాడు. నేను వెనక్కి పోయి ఒక్కో చక్రం ఆకులు వేలితో లెక్కబెట్టేవాణ్ణి, ఒక్కసారైనా వాడు తప్పాలని. తప్పలేదు. మూడో ఫారం పరీక్షలో లెక్కల్లో నాకు వచ్చింది నలభై రెండు. నూరు వాడిది. వాద్యారు బుజానికెత్తుకున్న సంగతి కూడా వాడిదే. అది కూడా బుజానికి కాదు, వీపు తట్టాడంతే. బుజం నేను చేర్చాను.

మరి నాకు ఆ లెక్కలెందుకు? చెప్పడానికి సిగ్గుగా ఉంది. మిల్లులో ఒక ఇంజనీరు ఉండేవాడు. సాయంత్రాలు మోటారు సైకిల్ మీద మా వీధిలోంచి పోయేవాడు. కళ్ళకు నల్లద్దాలు. ఆ అద్దాలలోంచి ఆయన ఎవరిని చూస్తున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. నాకు ఆ అద్దాలు కావాలి. వాటి దగ్గరికి దారి కాంపోజిట్ మాథమెటిక్స్ మీదుగా పోతుందని విన్నాను. అంతకుమించి నాకు ఇంకే ఆశయమూ లేదు.

మా తాత మాట ఒకటే. "ఇద్దరూ కాలేజీకి పోతే కణ్మాయి కింద నేల ఎవడు చూస్తాడు? ఒకడు పోవచ్చు. ఒకడు ఉండాల."

కణ్మాయి అంటే ఊరి బయట కొండ నీళ్ళు పట్టే పెద్ద చెరువు. దాని తూము కింద మాకూ, ఇంకా పది పదిహేను ఇళ్ళకూ పొలాలుండేవి. ప్రతి ఏడూ ఎవరి చేనుకు ముందు నీళ్ళు పారాలో తేల్చే పద్ధతి ఒకటుంది. దాన్ని నడిపించేది తాతే. ఒక్కో ఇంటివాడు ఒక్కో గురుతు తెస్తాడు. ఒకడు గవ్వ, ఒకడు కుంకుడు గింజ, ఒకడు తాటాకు ముక్క. అన్నీ ఒక ఇత్తడి చెంబులో వేస్తారు. చిన్నపిల్ల ఒకతె కళ్ళకు గుడ్డ కట్టించుకుని చెంబులో చెయ్యి పెట్టి, గలగలా తిప్పి, ఒకటి తీస్తుంది. ఏ ఇంటి గురుతు ముందు వస్తే ఆ ఇంటికి ముందు నీళ్ళు. తాత పెద్దరికం చేసిన అన్నేళ్ళలో తూము దగ్గర పార లేచింది లేదని ఊరంతా ఆయనను మెచ్చుకునేది. ఆ మెప్పే ఆయన తలకెక్కింది. నీళ్ళను పంచినట్టే పిల్లలను కూడా పంచవచ్చు అనుకున్నాడు.

వాద్యారుకు ఈ సంగతి ఎలా తెలిసిందో, ఒక ఆదివారం గొడుగు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన తమిళంలోనే మాట్లాడేవాడు, తాత తెలుగులోనే జవాబిచ్చేవాడు. మా ఊళ్ళో అది ఎవరికీ వింత కాదు. పక్క గదిలో ధాన్యం గాదె చాటున నేనున్నాను. ఎడ్ల కోసం నానబెట్టిన పత్తి గింజల వాసన ఆ గదంతా నిండి ఉంది. పెరట్లో అన్న తల్లి, మా పెద్దమ్మ, ఆ గింజలను రోట్లో రుబ్బుతోంది.

"మీ పెద్ద మనవడికి నేను నేర్పేది ఏమీ మిగల్లేదయ్యా," అన్నాడు వాద్యారు. "బోర్డు మీద సగం లెక్క రాసేలోపల మిగతా సగం వాడు చెబుతాడు. ఇట్లాంటివాణ్ణి వంకాయ తోటకు పంపితే నాకు పాపం చుట్టుకుంటుంది."

"కాఫీ తాగండి సార్," అన్నాడు తాత. "ఇద్దరూ నా మనవళ్ళే కదా. వీడే తెలివైనవాడు అని నా నోటితో నేను చెప్తే, ఇంకొకడి తల్లి ఈ ఇంట్లో అన్నం ముడుతుందా? నీళ్ళకేమి చేస్తామో దీనికీ అదే చేస్తాము. ఎవరికీ మనసు నొవ్వదు."

"నీళ్ళు వేరయ్యా. నీళ్ళు ఏ చేలో పారినా తడుపుతాయి. కణక్కు అట్లా కాదు."

పెరట్లో రోలు చప్పుడు ఆగింది. వాద్యారు సగం కాఫీ వదిలేసి లేచాడు. ఆ కోపంలో గొడుగు మరిచిపోయాడు. అన్న వీధి చివరిదాకా పరుగెత్తి ఇచ్చి వచ్చాడు. ఆ పెద్దమనిషి కోపమే నా కంటపడిన మొదటి న్యాయమైన కోపం. నేను మాత్రం గాదె చాటున నిలబడి ఒకటే తెలుసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు తూస్తే నల్లద్దాలు నాకు రావు. చెంబు ఒక్కటే నాకు దిక్కు. ఆ చెంబును కూడా నమ్మడానికి లేదు.

శుక్రవారం పొద్దున చీటీ, ఎవరి గురుతు వస్తే వాడికి కాలేజీ దారి అన్నారు. గురుతులు ముందురోజే ఎంచుకోమన్నారు. అన్న చింత గింజ తీసుకున్నాడు. నేను పెద్దమ్మ నానబెట్టడానికి తీసి పెట్టిన గంపలోంచి నూగున్న పొడి పత్తి గింజ ఒకటి ఏరుకున్నాను. చెంబులో చెయ్యి పెట్టేది మా చెల్లెలు, ఐదేళ్ళది. మా నాయన శ్రీవిల్లిపుత్తూరు పోయి తెచ్చిన పాలకోవ వంటింట్లో ఉట్టి మీద ఉంది. శుక్రవారం తెల్లవారగానే పీట మీద పీట వేసి ఎక్కి ఒక ముద్ద దించాను. చెల్లెలిని గాదె చాటుకు పిలిచాను.

"చెంబులో రెండుంటాయి. ఒకటి నున్నగా ఉంటాది. ఒకటి ఉన్ని ఉన్నిగా ఉంటాది. ఉన్నిదాన్ని తియ్యి. ఇప్పుడొకటి, తీసినాక ఇంకొకటి."

"నున్నది ఎవరిది?"

"ఎవరిదీ కాదు. తిను."

తినింది. చెయ్యి కడుక్కోలేదు.

అవ్వ దీపం పెట్టింది. ఇల్లంతా నడిమింటి కూటంలో నిలబడింది. చెల్లెలి కళ్ళకు అవ్వ తన కొంగుతో గంత కట్టింది. నీళ్ళకు తీసే పిల్లలు చెంబులో చెయ్యి పెట్టి గలగలా తిప్పుతారు, అందరూ నవ్వుతారు. మా చెల్లెలు తిప్పలేదు. చెయ్యి ఇలా పోయి అలా వచ్చింది. అరచేతిలో పత్తి గింజ. తాత వంగి దాని చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. నా భవిష్యత్తు తలచుకుని మురుస్తున్నాడనుకున్నాను.

"సరి," అన్నాడు తాత. పసుపు కాగితాల మీద రెండు సంతకాలు పెట్టాడు.

నేను ఇంటి చుట్టూ మూడుసార్లు పరుగెత్తాను. అన్న చెంబు వంచి తన చింత గింజను చొక్కా జేబులో వేసుకున్నాడు. వాడు ఏడ్చి ఉంటే నాకు ఇంత కోపం మిగిలేది కాదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"కొత్త పుస్తకం వచ్చినాక నాకూ చూపిస్తావా రా?"

పెద్దమ్మ ఆ రోజు మధ్యాహ్నం దాకా పొత్రం తిప్పుతూనే ఉంది. అన్ని గింజలు తినే ఎడ్లు మా కొట్టంలో లేవు.

పుస్తకం వచ్చింది. చూపించడం కాదు, వాడి ఒళ్ళో పడేశాను. ఆ తర్వాత మూడేళ్ళు మా ఇంట్లో జరిగిందేమిటంటే, నేను పగలు కాంపోజిట్ మాథమెటిక్స్ క్లాసులో కూర్చుని వాద్యారు తిట్లు తినేవాణ్ణి. సాయంత్రం అన్న వంగ మళ్ళలోంచి కాళ్ళకు బురదతో వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా హోంవర్కు చేసేవాడు. కాగితం వృథా చేయడం వాడికి ఇష్టం ఉండేది కాదు. ఎడ్ల కొట్టం గోడ మీద బొగ్గుతో వేసి చూసుకునేవాడు. సున్నం గోడ నిండా త్రిభుజాలు, వృత్తాలు. మధ్యలో ఎద్దు వీపు రుద్దుకుంటే సగం లెక్క చెరిగిపోయేది. వాడు నవ్వి మళ్ళీ రాసేవాడు. నేను కారసేవు నములుతూ నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి.

"నీ పుణ్యమా అని ఇదంతా చదువుతుండాను రా," అన్నాడు ఒకసారి. నిజంగానే అన్నాడు. ఇది నేను చేర్చింది కాదు. చేర్చాలంటే నా మనసుకు ఇంకా తేలికైన మాట ఏదైనా చేర్చుకునేవాణ్ణి.

ఎస్సెల్సీలో లెక్కల పేపరు చూసి కలం దించకుండా రాశానని ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చాను. దించకుండా రాసిన మాట నిజమే, రెండే రెండు లెక్కలు. ఆ రెండూ కొట్టం గోడ మీద ఎద్దు చెరపకుండా మిగిల్చినవి. ముప్పై ఐదు వచ్చింది. మదురై కాలేజీలో పీయూసీలో చేర్చారు. హాస్టల్లో కొట్టం గోడ లేదు. ఏడాది తిరిగేసరికి ఫెయిలై, రేకు పెట్టె బస్సు టాపు మీద వేసుకుని ఇంటికి వచ్చాను.

తాత కూటంలో పడక కుర్చీలో కూర్చుని మామిడి ముక్కలు తింటున్నాడు. తిడతాడనుకున్నాను. పక్కన కూర్చోమన్నాడు. ఒక ముక్క చేతికిచ్చాడు.

"ఆ పొద్దే చూచినాను రా," అన్నాడు.

"ఏమి తాతా?"

"దాని చేతికి పాలకోవ జిడ్డు. ఆ జిడ్డుకు పత్తి గింజ అంటుకుని ఉండె. వేళ్ళ సందుల్లో దూది. ఇదేమి తెలియనిదా?"

నా చేతిలో ముక్క నోటిదాకా పోలేదు. "తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?" అని అడిగాను.

"తూము తాళం ఎవడి చేతిలో పెట్టాల? అబద్ధమాడేవాడి చేతిలో పెడితే కణ్మాయి కింద నెత్తురు పారుతుంది. ఆ పిల్లోడు అబద్ధమాడడు. వాడు నాకు ఇక్కడ కావాల. నీవు యాడికి పోయినా బతుకుతావు. అందుకే పొమ్మని సంతకం పెట్టినాను."

మామిడి ముక్క ఆయన ముఖాన విసిరి లేచి వచ్చేశాను. లేదు. తిన్నాను. తియ్యగా ఉంది. అదే నాకు ఇప్పటికీ మంట. ఉట్టి మీది ముద్ద దొంగిలించినవాణ్ణి నేను. నా దొంగతనాన్ని చూసి, అది తనకు పనికొస్తుందని లెక్కేసుకుని, నా చేతితోనే వాడి చదువు లాగేసింది ఆయన. నన్ను చెంప పగలగొట్టి మళ్ళీ చీటీ వేయించి ఉంటే సగం న్యాయమైనా జరిగేది. చీటీ మానేసి వాద్యారు మాట విని ఉంటే పూర్తి న్యాయం. ఆయనకు న్యాయం అక్కరలేదు. తూముకు మనిషి కావాలి. ఊరంతా ఆయనను ధర్మాత్ముడని చెప్పుకుంటుంటే, నేను పక్కన నిలబడి తల ఊపుతూ వచ్చాను.

తాత అంచనా రెండు వైపులా తప్పలేదు. నేను సత్రపట్టి ఊళ్ళో నేసే బ్యాండేజీ గుడ్డ మూటలు మోసుకుని ఊరూరా ఆసుపత్రులు తిరిగి బతికాను. నోరున్నవాడికి తగిన పని. అన్న తూము తాళం చొక్కా జేబులో పెట్టుకుని యాభై ఏళ్ళు తిరిగాడు. ఎండాకాలం నీళ్ళు తక్కువైనప్పుడు ఏ చేనుకు ఎంతసేపు పారించాలో తూము గోడ మీద బొగ్గుతో వేసి చూపించేవాడు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి అడిగేవారు. వాళ్ళు వాడి లెక్కను మెచ్చుకున్నప్పుడల్లా నేను అక్కడి నుంచి లేచిపోయేవాణ్ణి. వాడు పోయి నాలుగేళ్ళయింది. పోయిన ఏడు నా కంటికి శుక్లాల ఆపరేషన్ చేసి డాక్టరు నల్లద్దాలు ఇచ్చాడు. పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. ఇంజనీరెవరూ కనబడలేదు. అద్దాలు తీసి సొరుగులో పడేశాను.

ఇదంతా మొన్న పొద్దున ఇంత వరసగా నాకు తోచలేదు. ఒలికిన కాఫీ ముందు కూర్చుని, మావాడితో ఒక్క మాటే అన్నాను.

"ఆ నూరు నాది కాదురా. మీ పెద్దనాయనది. నాకు నలభై రెండు. సీటు చీటీలో వచ్చింది. ఆ చీటీ కూడా మోసం."

మావాడు నవ్వాడు. కోడలు కూడా నవ్వింది. "చూడు పాపా, నీ కోసం తాత ఎట్లా కథ కట్టినాడో," అన్నాడు వాడు. "నాయనా, నలభై ఏళ్ళుగా నూరు అని చెప్పినారు. ఈ రోజు నలభై రెండా? రేపు సున్నా అంటారు."

జీవితంలో ఒక్కసారి నిజం చెబితే నా ఇంట్లో దానికి దక్కిన మర్యాద ఇది. తప్పు వాళ్ళది కాదు, అది తెలుసు. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు. ఫోను తీసి సేత్తూరులో ఉన్న చెల్లెలికి చేశాను. డెబ్బై ఏళ్ళు వచ్చాయి, చెవి కొంచెం మందం. అందరికీ వినబడేలా పెట్టాను.

"చిన్నప్పుడు నాకూ పెద్దన్నకూ కణక్కు కోసం చెంబులో చీటీ తీసినావే, గెపకం ఉండాదా?"

"ఎందుకు లేదు," అంది చెల్లెలు అటునుంచి. "ఉన్నిది తియ్యమని నాకు చెప్పింది నీవే కదా. రెండు పాలకోవ ఇస్తానని ఒకటే ఇచ్చినావు. రెండోది ఇంకా రాలేదు."

మావాడి చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. కోడలు స్టవ్ ఆపింది. మావాడు లేచి చెయ్యి కడుక్కుని, ఫ్రిజ్ మీది ఉప్పు డబ్బా పక్కకు జరిపి, ఫారం తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. సంతోషంగా పెట్టలేదు. జేబులోంచి కలం మాత్రం తీసి ఇచ్చాడు.

ఫోనులో చెల్లెలు ఇంకా ఉంది. "అన్నా, ఈ సంగతి పెద్దన్నకు ఎప్పుడైనా చెప్పినావా?" అని అడిగింది.

"చెప్పినాను," అన్నాను. "వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని అంతా చెప్పినాను. నవ్వినాడు. పోనీలే రా అన్నాడు."

"మంచిది," అంది చెల్లెలు. ఫోను పెట్టేసింది.

మనవరాలు కలం పట్టుకుని రాయకుండా నన్నే చూస్తోంది. దాని కళ్ళు మా పెద్దమ్మ కళ్ళలా ఉంటాయని నాకు అప్పుడే తోచింది. ఆసుపత్రికి పోయిన మాట నిజమే. కారసేవు పొట్లం పట్టుకుని పోయాను. గంటసేపు వానల గురించి, కణ్మాయిలో నీళ్ళ గురించి మాట్లాడి లేచి వచ్చాను. వాకిలి దాకా వచ్చాక వాడు వెనక నుంచి పిలిచి, నా గొడుగు మరిచిపోయానని చెప్పాడు.

"లేదు పాపా," అన్నాను. "చెప్పలేదు."

పిల్ల తల వంచుకుని ఫారం మీద రాయడం మొదలుపెట్టింది.